పేరు ఒక్కటే, కార్డులు రెండు: 5060 టీఐ కొనేముందు స్పెక్స్‌లో మొదట చూడాల్సింది ఏంటి?

"అన్నా, 5060 టీఐ తీసుకుందామనుకుంటున్నా, ఓకేనా?" ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. నా జవాబు కూడా ప్రతిసారీ ఇంకో ప్రశ్నే: "ఏ 5060 టీఐ తమ్ముడూ?" అడిగినవాళ్లలో చాలామందికి ఆ పేరుతో మార్కెట్లో రెండు కార్డులు ఉన్నాయన్న సంగతే తెలియదు.

2025 ఏప్రిల్‌లో ఎన్విడియా ఈ ఆర్‌టీఎక్స్ 5060 టీఐని రెండు రకాలుగా తెచ్చింది. 8 జీబీది 379 డాలర్లు, 16 జీబీది 429 డాలర్లు. చిప్ ఒకటే, రెండింటిలోనూ 4608 కుడా కోర్లే. బాక్సులు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. అయితే లాంచ్ రోజుకి రివ్యూయర్ల చేతికి ఎక్కువగా అందింది 16 జీబీ కార్డు. షాపులో తక్కువ ధరకి మనల్ని పిలిచేది 8 జీబీ కార్డు. అంటే గ్రాఫులు చూసేది ఒక కార్డువి, ఇంటికి తెచ్చుకునేది ఇంకో కార్డు.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తా. ఈ రేంజ్‌లో కార్డులు పోల్చేటప్పుడు ముందు చదవాల్సింది కోర్ల సంఖ్య కాదు, క్లాక్ స్పీడ్ కాదు, టెరాఫ్లాప్స్ అసలే కాదు. వీ-ర్యామ్ ఎంత, మెమరీ బస్ ఎన్ని బిట్లు, స్లాట్‌లో ఎన్ని లేన్లు వాడుతుంది... ఈ మూడు ముందు చూడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఇంకో మాట, మెమరీ సగానికి సగం తేడా ఉన్న రెండు కార్డులకి ఒకే పేరు పెట్టడం తప్పు. ఎన్విడియా చేసినా తప్పే, ఏఎండీ చేసినా తప్పే.

కోర్లు లెక్కపెడితే ఏమొస్తుంది?

షాపింగ్ సైట్లలో "కంపేర్" బటన్ నొక్కగానే పైన కనపడేది కోర్ల సంఖ్య. ఎక్కువ ఉన్నది గెలిచినట్టు అనిపిస్తుంది. ఒక పాత ఉదాహరణ చూడండి. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐలో 4352 కోర్లు, సుమారు 13.4 టెరాఫ్లాప్స్. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070లో 5888 కోర్లు, సుమారు 20.3 టెరాఫ్లాప్స్. కాగితం మీద 3070 యాభై శాతం ముందుంది. గేముల్లో రెండూ దాదాపు సమానం! ఎందుకంటే 3000 సిరీస్‌లో ఎన్విడియా కోర్లను లెక్కపెట్టే తీరే మారింది. అంతకుముందు పూర్ణాంకాల లెక్కలకు మాత్రమే వాడే దారిని దశాంశాల లెక్కలకు కూడా వాడేలా మార్చి, దాన్నీ కోర్ల ఖాతాలో వేశారు. గేమ్ నడుస్తున్నప్పుడు ఆ దారిలో రెండు రకాల పనులూ ఉంటాయి కాబట్టి కాగితం మీద పెరిగినంత వేగం స్క్రీన్ మీద పెరగదు.

ఒకే కంపెనీ రెండు తరాలకే ఇలా ఉంటే, ఎన్విడియా కోర్లని ఏఎండీ కోర్లతో పోల్చడం మామిడికాయల్ని కిలోల్లో, కొబ్బరికాయల్ని లెక్కన కొని రేటు పోల్చినట్టే. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీలో ఉన్నవి 2048 షేడర్లే. 4608తో పోలిస్తే సగం కూడా లేవు. కానీ రే ట్రేసింగ్ లేకుండా ఆడే చాలా గేముల్లో అది 5060 టీఐకి దగ్గర్లోనే ఉంటుంది. కోర్ల సంఖ్య ఒకే తరం, ఒకే కంపెనీ కార్డుల మధ్య పోలికకి మాత్రమే పనికొస్తుంది.

ఫ్రేమ్ జనరేషన్ గొడవ ఇంకొకటి. 2025 జనవరిలో సీఈఎస్ వేదిక మీద ఎన్విడియా సీఈఓ జెన్సెన్ హువాంగ్ 549 డాలర్ల 5070తో 4090 స్థాయి పెర్ఫార్మెన్స్ వస్తుందని ప్రకటించారు. 5070లో 6144 కోర్లు, 12 జీబీ. 4090లో 16384 కోర్లు, 24 జీబీ. అదెలా సాధ్యం? డీఎల్ఎస్ఎస్ 4లో నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకి ఏఐ మూడు ఫ్రేముల దాకా పుట్టించి మధ్యలో పెడుతుంది, అన్నమాట. ఆ లెక్క కలిపితేనే సమానం. కంటికి స్మూత్‌గానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ మీ మౌస్ కదలికని గేమ్ పట్టించుకునేది నిజమైన ఫ్రేములోనే. 30 ఫ్రేములని 120 చేసి చూపించినా చేతికి తగిలేది 30 ఫ్రేముల బరువే. పైగా ఫ్రేమ్ జనరేషన్‌కి కూడా వీ-ర్యామ్ కావాలి. 8 జీబీ కార్డులో అది లేకే కదా మన గొడవంతా.

అసలు 8, 16 మధ్యలో 12 ఎందుకు ఇవ్వరు?

ఇది చాలామంది అడిగేదే. దీనికి జవాబు తెలిస్తే స్పెక్ షీట్ సగం అర్థమైపోతుంది.

గ్రాఫిక్స్ మెమరీ చిప్ ఒక్కొక్కటి 32 బిట్ల దారితో జీపీయూకి కలుస్తుంది. 128 బిట్ బస్ ఉంటే నాలుగు చిప్పులు పెట్టొచ్చు. ఇప్పుడు ఎక్కువగా వాడే చిప్ 2 జీబీది. నాలుగు రెళ్లు ఎనిమిది. ఇంకా కావాలంటే బోర్డుకి వెనక వైపు ఇంకో నాలుగు చిప్పులు పెట్టి ఒక్కో దారినీ ఇద్దరికి పంచాలి, అప్పుడు 16. మధ్యలో 12 రావాలంటే 192 బిట్ బస్ ఉండాలి, లేదంటే 3 జీబీ చిప్పులు వాడాలి. 3 జీబీ చిప్పులు లేక కాదు, 5090 ల్యాప్‌టాప్ వెర్షన్‌లో 24 జీబీ వచ్చింది వాటితోనే. మన రేంజ్ దాకా అవి దిగలేదు.

2021లో ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ వచ్చింది ఈ లెక్క వల్లే. దానిది 192 బిట్ బస్, ఆరు చిప్పులు. దాని తర్వాత వచ్చిన 4060కి బస్‌ని 128కి కోసేశారు, మెమరీ 8కి పడిపోయింది.

బ్యాండ్‌విడ్త్ కూడా ఇక్కడే పుడుతుంది. బస్ వెడల్పుని మెమరీ స్పీడ్‌తో గుణించి 8తో భాగిస్తే చాలు. 3060కి 192 ఇంటూ 15, సెకనుకి 360 జీబీ. 4060కి 128 ఇంటూ 17, 272 జీబీ. కొత్త తరం కార్డుకి పాతదానికంటే సన్న దారి! దీన్ని కప్పిపుచ్చడానికి చిప్ లోపల ఎల్2 క్యాష్‌ని 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. 1080పీలో ఆ ఉపాయం బాగానే పనిచేసింది, 4060 ముందే ఉంటుంది. కానీ 4060 టీఐని దాని ముందు తరం 3060 టీఐతో పెట్టి చూడండి. 288 జీబీకి ఎదురుగా 448 జీబీ. 1080పీలో కొత్తది కొంచెం ముందు, రిజల్యూషన్ పెంచుతూ పోతే ఆ కొంచెం కూడా కరిగిపోతుంది. రెండూ 399 డాలర్ల కార్డులే, మధ్యలో రెండున్నరేళ్లు.

5060 టీఐ విషయంలో ఎన్విడియా ఈ లోటు తీర్చింది, ఒప్పుకోవాలి. జీడీడీఆర్7 వల్ల అదే 128 బిట్ల మీద 448 జీబీ వస్తోంది. ఇప్పుడు దారి ఇరుకు లేదు. గోడౌనే చిన్నది.

నిండిపోతే ఏమవుతుంది?

గేమ్‌కి 9 లేదా 10 జీబీ కావాల్సి వచ్చి కార్డులో 8 మాత్రమే ఉంటే, మిగిలింది మదర్‌బోర్డ్ మీది మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి మళ్లీ మళ్లీ తెచ్చుకోవాలి. తెచ్చే దారి పీసీఐఈ స్లాట్. 5060 టీఐ ఎనిమిది లేన్లే వాడుతుంది. పీసీఐఈ 5.0 బోర్డులో అది సెకనుకి దాదాపు 32 జీబీ, 4.0లో 16, 3.0లో 8. కార్డు లోపల 448 వేగంతో పరిగెత్తే డేటా, బయటికి వెళ్లొచ్చేటప్పుడు 8కి పడిపోతుంది. ఓఆర్‌ఆర్ మీద వచ్చిన కారు ఒక్కసారిగా కోఠి సందులో ఇరుక్కున్నట్టు.

ఇక్కడే మన దేశం లెక్క వేరు. పెద్ద రివ్యూలన్నీ టాప్ ప్రాసెసర్, కొత్త మదర్‌బోర్డ్ మీద చేస్తారు. మన దగ్గర కార్డు మార్చేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది ఐ5-10400, లేదంటే బీ450 బోర్డు మీద రైజెన్ 5 3600. రెండూ పీసీఐఈ 3.0నే. అంటే 8 జీబీ కార్డు వల్ల జరిగే నష్టం పూర్తిగా తగిలేది సరిగ్గా ఎవరైతే డబ్బు చూసుకుని 8 జీబీ కొంటారో వాళ్లకే. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ పూర్తి పదహారు లేన్లు వాడుతుంది కాబట్టి పాత బోర్డులో దానికి రెట్టింపు దారి దొరుకుతుంది. స్పెక్ షీట్‌లో ఒక మూలన "x16" అని చిన్నగా రాసి ఉండే ఆ ముక్క, పాత పీసీ ఉన్నవాళ్లకి వెయ్యి కోర్ల కంటే విలువైనది.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2022లోనే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపించింది. 4 జీబీ, నాలుగే లేన్లు. పీసీఐఈ 3.0 బోర్డుల్లో పెడితే కుదేలైపోయింది. బడ్జెట్ కార్డు కొనేవాడి దగ్గర పాత బోర్డు ఉంటుందన్న ఆలోచన ఆ డిజైన్‌లో లేదు.

ఇంకో చిక్కు ఏంటంటే, ఈ నష్టం చాలాసార్లు యావరేజ్ ఎఫ్‌పీఎస్‌లో కనపడదు. యావరేజ్ 70 అని ఉంటుంది, గేమ్‌లో మాత్రం మలుపు తిరిగినప్పుడల్లా గుక్క పట్టినట్టు ఆగుతుంది. అందుకే వన్ పర్సెంట్ లోస్ అనే అంకె చూడాలి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం ఎంతో అది చెప్తుంది. కొన్ని గేములు ఇంకా తెలివైనవి, ఆగకుండా టెక్స్చర్ల క్వాలిటీనే చప్పుడు లేకుండా తగ్గించేస్తాయి. హాగ్వార్ట్స్ లెగసీలో 8 జీబీ కార్డు మీద ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి, గోడలు మాత్రం కళ్లజోడు తీసి చూసినట్టు మసగ్గా రావడం 2023లో చూశాం. "ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1" పీసీకి వచ్చిన కొత్తలో 8 జీబీ వాళ్ల పాట్లు ఎవరూ మర్చిపోలేదు. ఇండియానా జోన్స్ గేములో అయితే టెక్స్చర్ పూల్ అనే సెట్టింగ్‌ని 8 జీబీ కార్డు ఉంటే తగ్గించుకోక తప్పదు. జీపీయూకి శక్తి ఉంది, చోటు లేదు. డబ్బులు పోసి కొన్న 4608 కోర్లు ఖాళీగా కూర్చుని డేటా కోసం ఎదురుచూస్తుంటాయి.

"అందరూ 1080పీలోనే ఆడుతున్నారు కదా"

కంపెనీల సమాధానం ఇదే. 9060 ఎక్స్‌టీ కూడా 8, 16 అని ఒకే పేరుతో 2025 జూన్‌లో వచ్చినప్పుడు ఏఎండీ వైపు నుంచి వినపడింది కూడా అదే: ఎక్కువమంది 1080పీలోనే ఆడతారు, వాళ్లకి 8 జీబీ కంటే ఎక్కువ అక్కర్లేదు అని.

సగం నిజం ఉంది. స్టీమ్ సర్వేలో ఇప్పటికీ 1080పీదే మొదటి స్థానం. వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5 ఆడేవాళ్లకి 8 జీబీ హాయిగా సరిపోతుంది. అక్కడ 16 జీబీ కార్డు పెట్టినా ఒక్క ఫ్రేము ఎక్కువ రాదు, ఎందుకంటే బ్యాండ్‌విడ్త్ ఒకటే, కోర్లు ఒకటే. కానీ వాలరెంట్ మాత్రమే ఆడేవాడికి 379 డాలర్ల కార్డే అక్కర్లేదు కదా! అంతకంటే చాలా చవకైన కార్డు చాలు. 379 పెట్టేవాడు కొత్త గేములు హై సెట్టింగ్స్‌లో ఆడదామని, నాలుగైదేళ్లు వాడదామని పెడతాడు. వాడికి 8 జీబీ సరిపోదు.

ఆ 379 అనే అంకె నాకు వేరే కార్డుని గుర్తు చేస్తుంది. 2016 జూన్‌లో జీటీఎక్స్ 1070 వచ్చింది. ధర 379 డాలర్ల నుంచి. మెమరీ 8 జీబీ. తొమ్మిదేళ్ల తర్వాత అదే ధరకి అదే 8 జీబీ. ద్రవ్యోల్బణం లెక్క చెప్పేవాళ్లు ఉంటారు, సరే. అదే 2016లో ఏఎండీ ఆర్ఎక్స్ 480ని 8 జీబీతో 239 డాలర్లకే ఇచ్చిందని కూడా చెప్పాలి మరి. ఈ తొమ్మిదేళ్లలో గేమ్ సైజులు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో మీ ఎస్‌ఎస్‌డీని అడగండి.

ఒకే పేరు ఆట కూడా పాతదే. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ అని రెండు వచ్చాయి. తేడా మెమరీ ఒక్కటే అనుకుని జనం కొన్నారు, నిజానికి కోర్లు కూడా 1152, 1280. జీటీ 1030 ఇంకా దారుణం, జీడీడీఆర్5 బదులు డీడీఆర్4 పెట్టి అదే పేరుతో అమ్మారు. బ్యాండ్‌విడ్త్ 48 నుంచి 17కి పడింది. 3060కి తర్వాత 8 జీబీ వెర్షన్ వచ్చింది, బస్‌ని 192 నుంచి 128కి తగ్గించి. 3050 6 జీబీ కూడా అంతే, కోర్లు 2560 నుంచి 2304కి, బస్ 128 నుంచి 96కి. (ఈ చివరిది 70 వాట్లకే నడుస్తుంది, పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీస్ పీసీలకి మంచి కార్డు. వేరే పేరు పెట్టి ఉంటే మెచ్చుకునేవాణ్ని.)

పేరు మార్చడం కుదరదు అని మాత్రం ఎవరూ అనలేరు. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌టీఎక్స్ 4080ని 12 జీబీ, 16 జీబీ అని ప్రకటించారు. 12 జీబీదానిలో 7680 కోర్లు, 16 జీబీదానిలో 9728. అందరూ తిట్టిపోశారు. అక్టోబర్‌లో ఎన్విడియానే పేరు సరిగ్గా లేదని ఒప్పుకుని 12 జీబీదాన్ని వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐగా 100 డాలర్లు తక్కువకి వచ్చింది. వెయ్యి డాలర్లు పెట్టేవాళ్లు అరిస్తే పేరు మారింది. మన రేంజ్‌లో కొనేవాళ్లు అరిచినా ఇంకా వినపడలేదు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి ఇంకా పెద్ద చిక్కు

బీటెక్‌లో చేరుతూ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇది చదవాలి. డెస్క్‌టాప్ 5070లో 6144 కోర్లు, 12 జీబీ. ల్యాప్‌టాప్ 5070లో 4608 కోర్లు, 8 జీబీ. పేరు అక్షరం తేడా లేదు. పైగా ఒకే చిప్‌కి ల్యాప్‌టాప్ కంపెనీ ఎంత కరెంట్ ఇస్తే అంత వేగం. 4060 ల్యాప్‌టాప్ చిప్‌ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎలాగైనా పెట్టుకోవచ్చు. సన్నటి ల్యాప్‌టాప్‌లోని 4060, లావుపాటి దానిలోని 4060 వేర్వేరు కార్డులే అనుకోండి. స్పెక్స్‌లో టీజీపీ అని వాట్లు రాసి ఉంటాయి. రాయకపోతే అది తక్కువేనని నేను అనుకుంటాను.

మరి ఏది కొనాలి?

నేనైతే ఈ రేంజ్‌లో 8 జీబీ 5060 టీఐని లిస్టులోంచి తీసేస్తాను. ఎంత ఆఫర్ ఉన్నా సరే. పాత పీసీఐఈ 3.0 బోర్డు ఉండి గేమింగ్ ఒక్కటే పని అయితే 9060 ఎక్స్‌టీ 16 జీబీ. లాంచ్ ధరలో అది 349 డాలర్లు, అంటే 8 జీబీ 5060 టీఐ కంటే 30 డాలర్లు తక్కువే. మన దగ్గర జీఎస్టీ, డీలర్ మార్జిన్ కలిశాక ధరలు వారానికోలా ఉంటాయి కాబట్టి కొనే రోజు రెండూ పక్కపక్కన చూసుకోండి. బ్లెండర్, ఏఐ మోడల్స్ లాంటి పనులుంటే కుడా కోసం ఎన్విడియానే మేలు, అది కూడా 16 జీబీదే. 14 బిలియన్ పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదించినా 8 జీబీలో పట్టడం కష్టం.

ఇంటెల్ ఆర్క్ బీ580ది 249 డాలర్లకి 12 జీబీ, 192 బిట్ బస్. చూడగానే ఇదే కొనేయాలనిపిస్తుంది. కొత్త ప్రాసెసర్ ఉంటే నిజంగానే మంచి డీల్. కానీ దానికి రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉండాలి, పాత ప్రాసెసర్లతో డ్రైవర్ బరువు వల్ల ఫ్రేములు బాగా పడిపోతాయి. రైజెన్ 5 3600లాంటి దాని మీద దీన్ని పెట్టమని నేను చెప్పను.

బడ్జెట్ 8 జీబీ దాటకపోతే? అప్పుడు 8 జీబీ కార్డు అని తెలిసే కొనండి, దాని ధరకే కొనండి. 5060, 9060 ఎక్స్‌టీ 8 జీబీ రెండూ 299 డాలర్ల కార్డులు. టెక్స్చర్లు మీడియంలో పెట్టుకుని ఆడుకోవచ్చు, ఆటేం ఆగిపోదు.

సీటీసీలో షాపు షాపుకీ తిరిగినా, ఆన్‌లైన్‌లో కొన్నా, కొటేషన్‌లో "5060 టీఐ" అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకండి. అసెంబుల్డ్ పీసీ కొటేషన్లలో ఇది మరీ ఎక్కువ. పూర్తి మోడల్ నంబర్ అడగండి. చాలా బ్రాండ్ల నంబర్ చివర్లో 8జీ, 16జీ అని ఉంటుంది, ఉదాహరణకి ఆసుస్‌వి ఓ8జీ, ఓ16జీ అని. ఆ నంబర్ బిల్లు మీద కూడా ఎక్కించుకోండి. ఇంటికొచ్చాక జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే మెమరీ సైజు, బస్ వెడల్పు, స్లాట్ ఎన్ని లేన్లతో ఏ వెర్షన్‌లో నడుస్తోందో మొత్తం ఒకే విండోలో కనపడుతుంది. రిటర్న్ గడువు దాటకముందే ఆ పని చేసేయండి.